రెంటికీ సరిపోయే సాక్ష్యము



ఉద్యోగాలకు, పై చదువులకు పరీక్షలు వ్రాసే మన పిల్లలకు ప్రశ్నాపత్రములో ఒక రకము ప్రశ్న వస్తుంది. ఏదో ఒక సంగతి జరిగిందని చెప్పి, దానికి రెండు కారణాలు చూపిస్తారు. క్రింద నాలుగైదు వాక్యాలిచ్చి, వీటిలో ఏది మొదటి కారణాన్ని బలపరుస్తుందని అడుగుతారు. బాగా చదివే పిల్లలు కూడా ఇక్కడ తడబడతారు. ఆ వాక్యాలలో చాలావరకు నిజమైనవే, విషయానికి సంబంధించినవే. అయితే అవి రెండు కారణాలకూ సరిపోతాయి. రెంటికీ సమానముగా సరిపోయే సాక్ష్యము దేనినీ రుజువు చేయదు.

దీనికి మన హైదరాబాదులోనే ఒక గొప్ప ఉదాహరణ ఉన్నది. చార్మినారు చూడ వెళ్ళినవారు పత్తర్‌గట్టిలో రాతి కమానుల క్రింద ముత్యాల దుకాణాలు, బట్టల దుకాణాలు చూచే ఉంటారు. అక్కడి నుండి మదీనా మీదుగా నయాపూల్ వంతెన దాటితే అఫ్జల్‌గంజ్. ఉస్మానియా ఆసుపత్రి పాత భవనము ఉన్న ఆ మూసీ ఒడ్డున, 1908 వరదకు ముందు, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది. 1880లలో హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతి ఎడ్వర్డ్ లారీ అనే బ్రిటిష్ వైద్యుడు.

ఆపరేషనుకు ముందు రోగికి క్లోరోఫారం మత్తు ఇచ్చే కాలమది. 1847లో ఎడింబరోలో సింప్సన్ దానిని వాడుకలోనికి తెచ్చాడు. మరుసటి సంవత్సరము జనవరిలోనే ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేండ్ల అమ్మాయి, కాలి గోరు తీయడానికి మత్తు ఇస్తుండగా కొద్ది నిమిషాలలో చనిపోయింది. అట్టి మరణాలు తరువాత కూడా జరుగుతూ వచ్చాయి. ఎందుకు? క్లోరోఫారం గుండెను ఆపుతున్నదని కొందరన్నారు. కాదు, మోతాదు మించినప్పుడు ముందు ఊపిరి ఆగుతుంది, గుండె ఆ తరువాతనే ఆగుతుంది అని లారీ పట్టుబట్టాడు. ఇది పండితుల వాదము మాత్రమే కాదు. మత్తు ఇచ్చేవాడు రోగి ఊపిరిని మాత్రమే చూస్తే చాలునా, నాడి మీద కూడా వేలు పెట్టాలా అన్నది దీనిని బట్టే తేలాలి. రోగి ప్రాణము ఆ చేతిలో ఉన్నది.

లారీ 1888లో కుక్కల మీద పరీక్షలు చేయించాడు. ప్రతిసారి ఊపిరే ముందు ఆగింది. లండనులోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అప్పుడు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వము వెయ్యి పౌండ్లు ఇచ్చి, ఆ పత్రిక తరఫున ఒక నిపుణుని పంపమన్నది. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. గుండెకే అపాయమని నమ్మి వచ్చినవాడాయన. నాలుగు వందలకు పైగా జంతువులను పరీక్షించారు. మళ్ళీ అదే ఫలితము. బ్రంటన్ తన అభిప్రాయము మార్చుకొన్నాడు. లారీ గెలిచినట్లే కనబడింది.

లోపమెక్కడ ఉన్నదో చూడండి. ఆ జంతువులలో చాలావాటికి మోతాదు మించి ఇచ్చారు. మోతాదు మించితే ఊపిరి ముందు ఆగుతుందని గుండె పక్షమువారు కూడా ఒప్పుకొనవచ్చు. వారిని కలవరపెట్టినవి వేరే మరణాలు. చిన్న ఆపరేషను, భయపడిన మనిషి, మత్తు ఇంకా సరిగా ఎక్కనే లేదు, అంతలోనే ప్రాణము పోయింది. రోగి పెనుగులాడి, ఊపిరి బిగబట్టి, ఒక్కసారిగా ఎక్కువ పీల్చి ఉంటాడని దీనికి లారీ పక్షము జవాబు చెప్పింది. ఆ జవాబు తీసివేయదగినది కాదు. గనుక కావలసినది వంద కుక్కలు, రెండు వందల కుక్కలు కాదు. తక్కువ మత్తులో ఏమి జరుగుతుందో చూపే పరీక్ష. సంఖ్య పెద్దదైతే సాక్ష్యము బలమైనదని మనమందరము అనుకొంటాము. ఈ విషయములో సంఖ్య ఎవరికీ సహాయపడలేదు.

ఆ పరీక్షను గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు చేశాడు. క్లోరోఫారం పలుచగా పీలుస్తున్న పిల్లులలో, ముఖ్యముగా అడ్రినలిన్ తోడైనప్పుడు, గుండె కొట్టుకొనడము మాని ఊరక వణికి ఆగిపోతున్నదని 1911లో థామస్ లూయిస్‌తో కలిసి చూపించాడు. భయపడిన మనిషి రక్తములోనికి వచ్చేది ఆ అడ్రినలినే. ఊపిరిని గమనించమన్న లారీ మాట మంచిదే. గుండెకు నేరుగా అపాయము లేదన్న మాటే నిలువలేదు.

ఇదే పరీక్షలో వచ్చిందనుకోండి. “నాలుగు వందల జంతువులలో ఊపిరి ముందు ఆగింది”, “లారీ వేలమందికి క్షేమముగా మత్తు ఇచ్చాడు”, “మత్తు తక్కువగా ఉన్నప్పుడే గుండె ఆగింది” అని మూడు వాక్యాలు ఇచ్చి, గుండె కారణాన్ని బలపరిచేది ఏదని అడిగితే? ఒక్కొక్కదాని ఎదుట పిల్లవాడు, రెండవ కారణమే నిజమైతే ఇది ఇలాగే జరిగేదా అని అడగాలి. మొదటి రెండు అప్పుడు కూడా జరిగేవే. మూడవది జరగదు. దానిమీదనే గుర్తు పెట్టాలి.

ఈ లెక్క పరీక్ష గదితో ఆగదు. మన పల్లెలలో ఒక ముసలామెతో మాట పెరిగిన మరునాడు బిడ్డకు జ్వరము వస్తే, బాణామతి అనే మాట పుడుతుంది. ఆ మాట వలన ప్రాణాలే పోయిన ఊళ్ళున్నవి. “తగవైన మరునాడే వచ్చింది గదా” అంటారు. నీళ్ళ వలన వచ్చిన జ్వరము కూడా ఆ మరునాడే రావచ్చును గదా! ఆమెతో ఏ తగవూ లేని ఇండ్లలో ఆ వారము ఎంతమంది పడుకొన్నారు? వారంతా ఏ బావి నీళ్ళు త్రాగుతున్నారు? ఆమె ఇంటి మీదికి పోకముందు అడగవలసినవి ఈ రెండు ప్రశ్నలు.