మా పెదనాన్నగారి రైఫిలు

మా పెదనాన్నగారు పోతూ పోతూ పెరంబూరులో ఒక ఇల్లు, బీరువాడు పుస్తకాలు, ఒక పాత రైఫిలు వదిలి వెళ్లారు. మొదటి రెండిటి పంపకం ఒక్క పూటలో తెమిలింది. చిక్కల్లా మూడోదానితోనే.

ఆ రైఫిలుకు మా ఇంట్లో ఒక కథ ఉంది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజుగారి దళం 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడిచేసి 26 తుపాకులు, రెండున్నర వేల పైచిలుకు తూటాలు పట్టుకుపోయింది కదా. అందులో ఒకటి చేతులు మారి, నర్సీపట్నం దగ్గరున్న మా తాతగారింటికి చేరిందని పెదనాన్నగారు చెప్పేవారు. (ఏమేం తీసుకున్నదీ రాజుగారు స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లారంటారు. ముప్పై ఏళ్లుగా బ్యాంకులో ఓచర్ల మధ్య బతుకుతున్న నాకు ఆ ఘట్టమంటే మహా ఇష్టం.)

లైసెన్సుదారు కాలం చేస్తే తుపాకీని ఇంట్లో ఉంచుకోవడానికి వీల్లేదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం దగ్గరున్న పోలీసు స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి, వారసుడు తన పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవాలి. "పోనీ నీ బ్యాంకు లాకర్లో పెట్టకూడదుట్రా?" అని పెద్దమ్మ అడిగింది. లాకర్లో ఆయుధాలు పెట్టరాదని ఒప్పందంలోనే ఉంటుంది పెద్దమ్మా అన్నాను. అన్నయ్య దాన్ని స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చాడు. దానికి ముందు తయారీదారు పేరు, బోరు, నంబరు చూసి రాసే పని నా మీద పడింది. నేను కామర్సు చదివినవాణ్ణి, తుపాకుల సంగతి నాకేం తెలుసు? అయితే హుండీ వెనక ఎండార్స్‌మెంట్లు చదివిన అలవాటుంది. భూతద్దం పట్టుకు కూర్చున్నాను.

ముందుగా కనిపించింది మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన ముద్ర. ఎక్కడో చూశాననిపించింది. చూడకేం, బి.ఎస్.ఎ.! మన అంబత్తూరులో టి.ఐ. వారు తయారుచేసిన బి.ఎస్.ఎ. సైకిలు మీదే నేను కాలేజీకి వెళ్లాను. ఆ మూడక్షరాలకు 'బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్' అని అర్థమని తొక్కినన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. 1861లో తుపాకుల కోసం పుట్టిన కంపెనీ తర్వాత సైకిళ్లలోకి, మోటారు సైకిళ్లలోకి దిగింది.

రెండోది బోరు: .315. కథకు అసలు దెబ్బ ఇక్కడే తగిలింది. 1878 నాటి ఆయుధాల చట్టం భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి చేసి తెల్లవాళ్లకు మినహాయింపు ఇచ్చింది. ఆ తర్వాత, సైన్యం వాడే .303 తూటా మామూలు జనం చేతికి అందకూడదని ఆ బోరును కూడా నిషేధించారు. తూటాలు దొంగిలించినా పేల్చడానికి తుపాకీ ఉండకూడదన్నమాట! అందుకని బి.ఎస్.ఎ. వారు ఇక్కడి షికారీల కోసం అదే రకం రైఫిలును .315లో తయారుచేశారు. ఆ తూటా ఎవరిదనుకున్నారు? ఆస్ట్రియా-హంగేరీ సైన్యానిది. ఎక్కడి వియన్నా, ఎక్కడి నర్సీపట్నం! స్వాతంత్ర్యం వచ్చాక మన ఇషాపూర్ కర్మాగారం కూడా ఆ బోరులోనే షికారు రైఫిళ్లు చేసింది.

అంటే ఇది జనానికి అమ్మడానికే చేసిన తుపాకీ. పోలీసులది అయ్యే అవకాశం లేదు. సర్కారు ఆయుధాల మీద కొట్టే బాణం గుర్తు కోసం గొట్టం చివరిదాకా వెతికాను. లేదు.

పెట్టె అడుగున తాతగారి లైసెన్సు పుస్తకం దొరికింది. 1934 నాటిది. కారణం: అడవిపందుల నుంచి పంట రక్షణ. అన్నయ్య ముఖం చిన్నబోయింది. మన్యం పితూరీ అణిగి పదేళ్లు తిరిగిందో లేదో, ఆ చుట్టుపక్కల ఒక భారతీయుడికి రైఫిలు లైసెన్సు ఇచ్చారంటే, దొరలకు ఆయన మీద గురి ఉన్నట్టే కదా! వాడికి అదే గుచ్చుకుంది. నాకూ కాస్త కష్టంగానే ఉంది. అయితే చెరుకుతోట మీద పందుల మంద పడితే తెల్లారేసరికి ఏం మిగులుతుందో ఆ ప్రాంతం వాళ్లకు తెలుసు. తాతగారు ఎవరికి సలాం కొట్టారో ఆ పుస్తకంలో లేదు. లేనిదాన్ని నేను రాయను, ఉన్నదాన్ని కొట్టివేయను.

"మీ పెదనాన్నకు ఈ సంగతి తెలియకుండా పోవడమే మంచిదైంది" అంది పెద్దమ్మ. ఎన్నికలొచ్చినప్పుడల్లా దాన్ని స్టేషన్లో అప్పగించి, తిరిగి తెచ్చుకున్న రోజున నూనె రాస్తూ పిల్లలకు చింతపల్లి కథ చెప్పేవారాయన.

ఇప్పుడు అన్నయ్య దరఖాస్తు పోలీసు కమిషనరుగారి కార్యాలయంలో ఉంది. 2019 సవరణ తర్వాత మనిషికి రెండు తుపాకులకు మించి ఉండరాదు. వాడికి ఇదొక్కటే కనుక ఆ ఇబ్బంది లేదు. గొట్టం మీద మౌంట్ రోడ్డు కంపెనీ ఒకదాని పేరు సగం అరిగి కనిపిస్తోంది. ఆ రోడ్డులో ఆ రోజుల్లో తుపాకులు అమ్మిన దుకాణాల సంగతి, వాటి పాత రిజిస్టర్ల సంగతి మన సభ్యుల్లో ఎవరికైనా తెలిస్తే సంఘం చిరునామాకు ఒక కార్డు ముక్క రాయగోరుతాను.