కమలాపండ్ల కేకు

పండుగకు ముందునాడు చేసిన కేకు మరునాటికి ఎండిపోవుట గృహిణులకు తెలిసిన బాధయే. శీతకాలమున విజయవాడ బజారులకు వచ్చు నాగపూరు కమలాపండ్లతో దీనికి ఉపాయము గలదు. పెరటి నారింజ మరీ పులుపు.

150 గ్రాముల వెన్నను అంతే పంచదారతో తెల్లబడువరకు గిలకొట్టి, మూడు గ్రుడ్లు ఒక్కొక్కటిగా చేర్చవలెను. పిమ్మట 200 గ్రాముల మైదా, రెండు చిన్న చెంచాల బేకింగ్ పౌడరు, రెండు పండ్ల పైతొక్క తురుము, ఒక పండు రసము కలుపవలెను. పరిమళమంతయు తొక్కలోని తైలమునందే యున్నది. క్రింది తెల్లని పొర చేదు, తురుమువారికి తొందర పనికిరాదు.

ఓవెను లేదని వెనుదీయనక్కరలేదు. దళసరి గిన్నెలో ఇసుక పోసి కాచి, వెన్న రాసిన కేకుగిన్నెను అందుంచి, మూతపెట్టి సన్నని సెగపై సుమారు ముప్పాతిక గంట ఉంచవలెను. పుల్ల గ్రుచ్చిన తడిపిండి అంటరాదు. వేడిగా నున్నప్పుడే సన్నని చిల్లులు పొడిచి, రెండవ పండు రసమున పంచదార కరగించి పోయవలెను. పంచదార తేమను పట్టియుంచును. మెత్తదనము రెండు దినములు నిలుచును.