ఖాళీ ట్యాంకుతోనే అసలు ముప్పు
మరపడవల డీజిల్ ట్యాంకుల వెల్డింగులో తొందరపాటు ప్రాణాంతకం

విశాఖపట్నం: తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల వేటపై నిషేధం అమలులో ఉంటుంది. చేపల సంతానోత్పత్తికి ఉద్దేశించిన ఈ విరామమే బోటు యజమానులకు మరమ్మతుల కాలం. చెక్క పని, రంగులు, ఇంజను పనులతో పాటు డీజిల్ ట్యాంకుల లీకులను అరికట్టవలసినదీ ఇప్పుడే. ఈ పనిలో ఏమాత్రం తొందరపడినా మూల్యం ప్రాణాలతో చెల్లించవలసి వస్తుంది.

డీజిల్ తోడేసిన ట్యాంకు నిరపాయకరమన్నది పొరపాటు అభిప్రాయం. వాస్తవానికి నిండు ట్యాంకు కంటె ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదకరం. మండేది డీజిల్ ద్రవం కాదు, దాని ఆవిరి. గాలిలో ఆ ఆవిరి సుమారు 0.6 నుంచి 7.5 శాతం వరకు ఉంటే నిప్పురవ్వ తగలగానే పేలుతుంది. పైకి పొడిగా కనిపించే ట్యాంకులో కూడా తుప్పు పొరల కింద, అతుకుల సందుల్లో డీజిల్ దాగి ఉంటుంది. వెల్డింగు వేడికి అది ఆవిరిగా మారుతుంది.

చట్టం చెబుతున్నదేమిటి?

ఈ ముప్పును చట్టం ఏనాడో గుర్తించింది. పెట్రోలియం ఉంచిన పాత్రను అందులోని ఇంధనాన్ని, మండే ఆవిరిని పూర్తిగా తొలగించిన తరువాతే మరమ్మతు చేయాలని 1934 నాటి పెట్రోలియం చట్టం కింద రూపొందిన నియమాలు నిర్దేశిస్తున్నాయి. వేడి పనుల వద్ద వాయువు పేరుకుంటే పెద్ద నౌకా నిర్మాణ కేంద్రాలకు సైతం ముప్పు తప్పదు. 2018 ఫిబ్రవరి 13న కొచ్చిన్ షిప్‌యార్డులో మరమ్మతుకు వచ్చిన ఓఎన్‌జీసీ డ్రిల్లింగు నౌక 'సాగర్ భూషణ్'లో సంభవించిన పేలుడులో అయిదుగురు మరణించారు.

విశాఖ ఫిషింగు హార్బరులో 2023 నవంబరు 19 రాత్రి చెలరేగిన మంటల్లో సుమారు 40 బోట్లు దగ్ధమయ్యాయి. ఆ ప్రమాదానికి వెల్డింగు కారణమని తేలలేదు. అయితే పక్కపక్కనే లంగరు వేసిన బోట్లలో ఒకదానికి నిప్పంటుకుంటే మిగిలినవాటి గతి ఏమవుతుందో ఆ రాత్రి రుజువైంది. వెల్డింగు పనిని బోట్ల గుంపునకు దూరంగా జరపవలసిన అవసరాన్ని ఇది స్పష్టం చేస్తున్నది.

సరయిన పద్ధతి

వీలయినంత వరకు ట్యాంకును బోటు నుంచి విప్పి ఒడ్డుకు చేర్చాలి. అడుగున పేరుకున్న మడ్డిని తీసి, డిటర్జెంటు కలిపిన వేడి నీటితోనో, నీటి ఆవిరితోనో కడగాలి. వాయు పరీక్షా పరికరంతో లోపలి గాలిని పరీక్షించాలి. వాసన లేదని నిర్ధారణకు రావడం సరికాదు. వెల్డింగు చేసే చోటుకు కాస్త దిగువ వరకు నీరు నింపితే ఆవిరికి చోటు తగ్గుతుంది. మిగిలిన ఖాళీని నైట్రోజన్ వంటి వాయువుతో నింపడం మరింత క్షేమం. ఈ సమయంలో మూతలు, గొట్టాలు తెరిచే ఉంచాలి.

కారుతున్న అతుకుపై మరో పూత వెల్డింగు వేయడం తాత్కాలిక ఉపశమనమే. పగులును అసలు లోహం కనిపించే వరకు గ్రైండింగు చేసి, కొత్తగా అతకాలి. పిదప స్వల్ప పీడనంతో గాలి నింపి, అతుకులపై సబ్బు నీరు పూసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. పీడనం మితిమీరితే ట్యాంకే ఉబ్బి చిట్లుతుంది.

లీకుకు మూలకారణం వెదకకపోతే మరమ్మతు వృథా. ట్యాంకు అడుగున చేరే నీరు రేకును తుప్పు పట్టిస్తుంది. ఇంజను అదురుకు అతుకులు పగుళ్లిస్తాయి. రేకు పలచబడి ఉంటే కొత్త ట్యాంకు అమర్చడమే మేలు.

జూన్ 15 నాటికి సముద్రంలోకి దిగాలన్న ఆత్రం సహజమే. రెండు నెలలుగా రాబడి లేని యజమానికి, కళాసీలకు ప్రతి దినమూ విలువైనదే. అయితే ట్యాంకును శుభ్రపరచడానికి పట్టే సమయం ఒక్క వేట వాయిదాతో పూడుతుంది. పేలుడులో పోయిన మనిషి ఏ సీజనులోనూ తిరిగి రాడు.