ఆర్కు వెల్డింగులో విద్యుత్ప్రవాహపు సర్దుబాటు

ఇనుప గేట్లు, కిటికీ చట్రములు, ట్రాక్టరు ట్రాలీలు తయారుచేయు వెల్డింగు షాపులు నేడు పల్లెటూళ్ళలో కూడ కలవు. మిరుమిట్లు గొలుపు వెలుగులో అచ్చట ఇనుప ముక్కలను అతుకుచుండుట అందరు చూచినదే. నేర్పరియైన పనివాడు అసలు పనికి పూనుకొనుటకు ముందు యంత్రముపై నున్న చక్రమును కొంచెము త్రిప్పి, పనికిరాని ముక్కపై ఒక గీత కరగించి చూచుకొనును. అతుకు నిలుచునా, విరుగునా అనునది చాలవరకు ఈ చిన్న పనిపై ఆధారపడియుండును.

వెల్డింగు రాడ్డును, అనగా ఎలక్ట్రోడును, ఇనుమునకు తాకించి కొద్దిగా ఎడము చేసినచో ఆ సందులోని వాయువు విద్యుద్వాహకముగా మారి ఆర్కు ఏర్పడును. దాని ఉష్ణోగ్రత 5,000 సెంటీగ్రేడు డిగ్రీలకు మించును. ఉక్కు సుమారు 1,500 డిగ్రీలకే కరగును. కావున రాడ్డు కొన, ఇనుప అంచులు రెండును కరగి కలిసిపోవును. కరగెడి లోహపు రాడ్డునే ఎలక్ట్రోడుగా వాడు పద్ధతిని 1888లో రష్యా దేశీయుడగు స్లవ్యానోవ్ ప్రవేశపెట్టెను.

సాధారణమైన వెల్డింగు యంత్రము ఒక ట్రాన్స్‌ఫార్మరు. అది 230 లేక 415 వోల్టుల విద్యుత్తును గైకొని, ఆర్కు లేనప్పుడు 50 మొదలు 80 వోల్టుల వరకు ఇచ్చును. ఆర్కు వెలిగిన పిదప వోల్టేజి 20–30కి దిగును. ప్రవాహము మాత్రము వంద ఆంపియర్లకు అటునిటుగా ఉండును. 24 వోల్టుల వద్ద 110 ఆంపియర్లు ప్రవహించినచో ఆర్కులో వెలువడు శక్తి 24 × 110 = 2,640 వాట్లు. ఇంత శక్తి వేరుసెనగ గింజయంత చోట కేంద్రీకృతమగుటచేతనే ఉక్కు క్షణములో కరగును.

ప్రవాహమును తగ్గించుటకు నిరోధమును వాడవచ్చును గదా యని విద్యార్థి అడుగవచ్చును. కాని అందు శక్తి వేడిగా వ్యర్థమగును. కావున పెక్కు యంత్రములలో ప్రాథమిక, ద్వితీయ తీగచుట్టల నడుమ కదలెడి ఇనుప దిమ్మె నొకదానిని అమర్చుదురు. దిమ్మె లోపలికి జరిగినకొలది అయస్కాంత బలరేఖలలో కొంత భాగము ద్వితీయ చుట్టను చేరకయే దిమ్మె గుండా మరలిపోవును; ప్రవాహము తగ్గును. బయటికి లాగినకొలది ప్రవాహము హెచ్చును. చక్రము త్రిప్పినపుడు జరుగునది ఇదియే. నేటి ఇన్వర్టరు యంత్రములలో ఈ పనిని ఎలక్ట్రానిక్ పరికరములు చేయుచున్నవి.

ఈ ఏర్పాటువలన మరియొక లాభము కలదు. మనుష్యుని చేయి కొంచెమైనను వణకక మానదు. ఆర్కు పొడవు మారుచునే యుండును. ఆర్కు పొడవైనపుడు వోల్టేజి పెరిగినను, ప్రవాహము అంతగా మారకుండ యంత్రము కాపాడును. అందుచే అతుకు సమముగా వచ్చును.

ఎంత ప్రవాహము కావలెను? మెత్తని ఉక్కునకు వాడు రాడ్లకు మిల్లీమీటరు వ్యాసమునకు సుమారు 30–40 ఆంపియర్లని ఒక మోటు లెక్క కలదు. ఆ చొప్పున 2.5 మి.మీ. రాడ్డుకు 75–100, 3.15 మి.మీ. రాడ్డుకు 95–125, 4 మి.మీ. రాడ్డుకు 120–160 ఆంపియర్లు. ఇది ఆరంభమునకు మాత్రమే. రాడ్ల పెట్టెపై తయారీదారు ముద్రించిన అంకెలే ప్రమాణము. రేకు పలుచనైనను, నిలువు అతుకైనను ప్రవాహమును కొంత తగ్గింపవలెను. లేనిచో రేకునకు చిల్లి పడును, లేక కరగిన లోహము క్రిందికి జారును.

సర్దుబాటు సరిగా ఉన్నదో లేదో అతుకే చెప్పును. ప్రవాహము చాలనిచో రాడ్డు అంటుకొనిపోవును. లోహము తాడువలె పైకి ఉబ్బి నిలుచును. చిట్టెము లోపల చిక్కుకొనును. ఎక్కువైనచో నిప్పురవ్వలు విపరీతముగా చిమ్మును, రాడ్డు ఎఱ్ఱబారును, అతుకు అంచుల వెంబడి గాడి పడి ఇనుము పలుచనగును.

వీనిలో మొదటి దోషము మిక్కిలి మోసకరమైనది. పైకి ఉబ్బిన అతుకు దిట్టముగా కనబడును గాని, క్రింది ఇనుము కరగనే లేదు. లోహము దానిపై పేరుకొన్నదంతే. ట్రాలీ కొక్కెమునకు ఇట్టి అతుకు వేసినచో బరువుతో మిట్ట ఎక్కునపుడు అది ఊడిపోవచ్చును. అందువలన అదే మందముగల తుక్కు ముక్కలను రెండింటిని అతికి, పట్టుగఱ్ఱలో బిగించి, సుత్తితో విరిచి చూచుట మేలు. విరిగిన చోట ఇనుప అంచులు కరగక మునుపటివలె నునుపుగా కనబడినచో ప్రవాహము చాలలేదేమోయని మొదట అనుమానింపవలెను.

ఆర్కునుండి వెలువడు అతినీలలోహిత కిరణములు కండ్లకు హాని చేయును. కావున ఈ పని చూడబోవు విద్యార్థులు తగిన నల్లని అద్దము లేనిదే ఆర్కువంక చూడరాదు. ఆర్కు ఆరి, లోహము చల్లారి, చిట్టెము రాల్చిన పిదప అతుకును పరిశీలించినను నేర్చుకొనదగినది ఎంతో కలదు.