డిక్కీలోంచి దిగిన నీళ్ల క్యాన్లు

మా నాన్న కుడి ముంజేతి మీద అరచేయంత మచ్చ ఉంది. మూడేళ్ల కిందట మే నెలలో చిలకలగూడ చౌరస్తాలో కారు ఆగిపోతే, ఆవిర్లు కక్కుతున్న రేడియేటర్ మూత తిప్పాడు. కుక్కర్‌లో ఆవిరి పోకముందే మూత తీస్తే ఏమవుతుందో అదే అయింది. అయినా తన మారుతి 800ని వదల్లేదు. డిక్కీలో పది లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. "బండన్నంక ఎండకాలం వేడెక్కదారా?" అనేవాడు.

కారు 2003 మోడల్. అప్పుడు నాకు ఆరేళ్లు. కాలుష్య నిబంధనల వల్ల హైదరాబాద్‌లో ఈ కారు అమ్మకాలు 2010 ఏప్రిల్‌లోనే ఆగిపోయాయి. 2014 జనవరిలో తయారీ కూడా ఆపేశారు. పదిహేనేళ్లు దాటితే రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. మాది 2028 దాకా ఉంది. ఈలోగా ఇంజిన్ మరోసారి గట్టిగా వేడెక్కి అల్యూమినియం హెడ్ వంగిందంటే, కారు నేరుగా తుక్కుకే.

నాన్నని ఒప్పించి కారు నా చేతిలోకి తీసుకున్నా. పెద్ద రేడియేటర్, రెండు ఫ్యాన్లు, బరువు తగ్గించడానికి వెనక సీటు పీకేయడం... పెద్ద లిస్టే రాసుకున్నా. తర్వాత తెలిసింది, ఆర్‌సీలో ఉన్న వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదని. సుప్రీంకోర్టు కూడా 2019లో అదే చెప్పింది. సగం లిస్టు కొట్టేశా.

పోయినవి మూడు

విప్పి చూస్తే అసలు విషయం బయటపడింది. థర్మోస్టాట్ వాల్వే లేదు! 'మన ఎండలకి ఇదెందుకు' అని ఎప్పుడో ఒక మెకానిక్ తీసేశాడట. ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోకుండా ఆపడం దాని పని. అది లేకపోతే చలికాలం పొద్దున ఇంజిన్ త్వరగా వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. అసలు జబ్బు మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఆ జబ్బు రేడియేటర్‌లో ఉంది. ఏళ్ల తరబడి పోసిన బోరు నీళ్ల ఉప్పు గొట్టాల్లో గట్టకట్టింది. రేడియేటర్ షాపులో ట్యాంకు విప్పి, సన్నని ఊచలతో గొట్టాలన్నీ శుభ్రం చేశారు.

మూడోది మూత. దాని రబ్బరు ఎండిపోయింది. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 98 డిగ్రీలకే మరుగుతాయి. మూత ఒత్తిడిని సరిగా పట్టి ఉంచితే 115 డిగ్రీలు దాటినా మరగవు. అంత తేడా ఆ చిన్న మూతది!

రాణిగంజ్‌లో వాల్వ్, మూత, రబ్బరు పైపులు కొన్నాం. కూలెంట్‌నీ డిస్టిల్డ్ వాటర్‌నీ సగం సగం కలిపి పోశాం. కూలెంట్ తియ్యగా ఉండే విషం. పిల్లలకీ కుక్కలకీ అందనివ్వొద్దు.

యాభై కిలోలు

ఇక బరువు. క్యాన్లు 20 కిలోలు, ముందున్న ఇనుప గార్డు 13, పైన క్యారియర్ 11, చక్రాల కింద పెట్టే ఇటుకలు 6. మొత్తం 50 కిలోలు. కారే దాదాపు 650 కిలోలు, ఇంజిన్ 796 సీసీ. అంటే ఇన్నాళ్లూ ఒక మనిషిని ఊరికే మోసింది పాపం. ఆ గార్డు రేడియేటర్‌కి గాలి కూడా అడ్డుకునేది. పైగా అలాంటి గార్డులు పెట్టుకోకూడదని కేంద్రం 2017లోనే చెప్పింది. స్టెప్నీని, జాకీని మాత్రం ముట్టుకోలేదు. అవి తీసేస్తే అది పొదుపు కాదు, తెలివితక్కువతనం.

మీ బండి ముల్లు ఎరుపు వైపు వెళ్తుంటే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి, పక్కకి ఆపండి. కనీసం అరగంట మూత జోలికి పోవద్దు. చన్నీళ్లు గుమ్మరించొద్దు.

ఈ మే నెలలో యాదగిరిగుట్టకి వెళ్లాం. నాన్నే నడిపాడు. బయల్దేరే ముందు క్యాన్లు మళ్లీ డిక్కీలో పెట్టబోతే వద్దన్నా. నమ్మకం కుదరక ఒక లీటరు బాటిల్ సీటు పక్కన పెట్టుకున్నాడు. గుట్ట ఎక్కుతున్నంతసేపూ రోడ్డు కంటే ముల్లునే ఎక్కువ చూశాడు. అది మధ్యలోంచి కదల్లేదు.

పైకెళ్లాక బాటిల్ మూత తీసి, సగం తాగి నాకిచ్చాడు.