షాలిమార్‌లో సర్కారు బడి: ఉత్తీర్ణత శాతం చూసి ఎంచుకోవచ్చా?

హైదరాబాద్‌లో బయలుదేరే ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ చివరి స్టేషన్ షాలిమార్. అందరూ కోల్‌కతా అనే అంటారు కానీ, ఈ ప్రాంతం హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, హౌరా జిల్లాలో ఉంది. రైల్వే బదిలీ మీదో, మరో పని మీదో ఇక్కడికి వచ్చిన తెలుగు కుటుంబానికి అద్దె ఇల్లు దొరికాక ఎదురయ్యే ప్రశ్న ఒకటే. పిల్లల్ని ఏ ప్రభుత్వ బడిలో చేర్చాలి? పదో తరగతి ఫలితాలు చూసి బడిని అంచనా వేయడం మనకు అలవాటు. ఇక్కడ ఆ ఒక్క లెక్కనే నమ్ముకుంటే మోసపోతాం.

మూడు రాష్ట్రాలు, మూడు శాతాలు

2025లో పదో తరగతి ఉత్తీర్ణత తెలంగాణలో 92.78 శాతం, పశ్చిమ బెంగాల్‌లో 86.56, ఆంధ్రప్రదేశ్‌లో 81.14. వరుస స్పష్టంగానే కనిపిస్తోంది. అయితే బెంగాల్ 'మాధ్యమిక్' పరీక్షలో సబ్జెక్టుకు 25 మార్కులు వస్తే పాస్. మన దగ్గర సాధారణంగా 35 రావాలి. గీత ఎక్కడ గీశారో చూడకుండా శాతాలను పోల్చలేం.

ఒకే ఊళ్లోని రెండు బడుల మధ్య కూడా ఇదే చిక్కు. ఒక ఉదాహరణ అనుకుందాం. రెండు బడుల్లోనూ తొమ్మిదో తరగతిలో వందమంది చొప్పున ఉన్నారు. మొదటి బడి నుంచి 60 మంది పరీక్ష రాస్తే 57 మంది పాసయ్యారు. అంటే 95 శాతం. రెండో బడి నుంచి 95 మంది రాస్తే 81 మంది పాసయ్యారు. 85 శాతం. బోర్డు మీద మొదటి బడే గొప్ప. కానీ చేరిన వందమందిలో గట్టెక్కింది అక్కడ 57 మంది, ఇక్కడ 81 మంది. వెనుకబడిన పిల్లల్ని తొమ్మిదిలోనే ఆపేస్తే శాతం దానంతటదే పెరుగుతుంది.

సర్వేలు ఎంతవరకు?

ఏటా వార్తల్లోకెక్కే 'అసర్' సర్వే ప్రధానంగా గ్రామాలది. హౌరా లాంటి పట్టణ శివార్లు అందులోకి రావు. కేంద్రం జరిపే జాతీయ సాధన సర్వే జిల్లా సగటు చెబుతుంది తప్ప ఫలానా బడి గురించి చెప్పదు. బడివారీ వివరాలకు ఉన్న ప్రధాన ఆధారం యూడైస్ ప్లస్. తరగతివారీ విద్యార్థులు, ఉపాధ్యాయులు, గదులు, మరుగుదొడ్ల లెక్క అందులో ఉంటుంది. పాఠం ఎలా చెబుతారో మాత్రం ఉండదు.

పాఠం చెప్పేది ఎవరు?

మన జిల్లా పరిషత్ హైస్కూళ్లలా కాకుండా, బెంగాల్‌లో ఎక్కువ ఉన్నత పాఠశాలలు ఎయిడెడ్ లేదా స్పాన్సర్డ్ తరహావి. జీతం ప్రభుత్వానిది, నిర్వహణ కమిటీది, నియామకాలు స్కూల్ సర్వీస్ కమిషన్‌వి. 2016 నియామకాల్లో అక్రమాల కారణంగా 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు 25,753 బోధన, బోధనేతర ఉద్యోగాలను రద్దు చేసింది. అక్రమాల మచ్చ లేని ఉపాధ్యాయులను తాత్కాలికంగా కొనసాగనిచ్చింది. ఈ దెబ్బ ప్రధానంగా 9 నుంచి 12 తరగతుల మీద పడింది. కాబట్టి 'ఎంతమంది టీచర్లు?' అని అడిగితే చాలదు. గణితానికి, భౌతికశాస్త్రానికి ఇప్పుడు ఎవరున్నారో అడగాలి.

భాష, క్యాలెండర్

హౌరాలో బెంగాలీతో పాటు హిందీ, ఉర్దూ మాధ్యమ బడులూ ఉన్నాయి. మాధ్యమిక్‌లో ప్రథమ భాషగా తీసుకోదగిన వాటిలో తెలుగు కూడా ఉంది. కానీ జాబితాలో పేరున్నంత మాత్రాన బడిలో పంతులు ఉన్నట్టు కాదు. రైల్వే కొలువుల వెంట వెళ్లిన తెలుగువారు తరాలుగా స్థిరపడిన ఖరగ్‌పూర్‌లో తెలుగు బడులు వెలిశాయి. అది షాలిమార్‌కు వంద కిలోమీటర్లకు పైగా దూరం.

మరో తేడా విద్యాసంవత్సరం. బెంగాల్ బోర్డు బడులు జనవరిలో మొదలవుతాయి. మన అలవాటు ప్రకారం జూన్‌లో వెళ్తే సగం సిలబస్ అప్పటికే అయిపోయి ఉంటుంది. కేంద్రీయ విద్యాలయం ఏప్రిల్‌లో మొదలవుతుంది, సీబీఎస్ఈ పాఠ్యక్రమం. బదిలీలుండే కేంద్ర ఉద్యోగుల పిల్లలకు అక్కడ ప్రాధాన్యం ఉంటుంది. మళ్లీ బదిలీ తప్పదనుకునే రైల్వే కుటుంబానికి అది తేలిక. కూలి పనికో, చిన్న వ్యాపారానికో వచ్చిన కుటుంబానికి పక్కవీధి బడే దిక్కు. పోలిక అవసరం ఎక్కువగా ఉన్నది వీళ్లకే.

అడగాల్సినవి నాలుగు

తొమ్మిదిలో ఎందరున్నారు, వారిలో ఎందరు పరీక్ష రాశారు? ఏ సబ్జెక్టుకు టీచర్ లేరు? బోధన ఏ భాషలో, కొత్తగా వచ్చిన పిల్లలకు ఆ భాష ఎవరు నేర్పుతారు? ఈ బడి తర్వాత పిల్లలు ఎక్కడికి వెళ్తున్నారు? మొదటిదానికి కొంత జవాబు యూడైస్‌లో దొరుకుతుంది. మిగతావాటికి బడి గేటు దగ్గర నిలబడే తల్లులను అడగాలి. ఉత్తీర్ణత శాతం ఆ తర్వాత చూడాల్సిన లెక్క.