కారే కుళాయి నేర్పే పాఠం

‘ప్రాజెక్టు’ అనగానే మీకేం గుర్తుకొస్తుంది? దుకాణంలో కొన్న థర్మోకోల్ అట్ట, రంగు కాగితాలు, గైడులోంచి ఎత్తి రాసిన నాలుగు పేజీలు. మార్కులు పడగానే అదంతా అటకెక్కుతుంది. నిజానికి ప్రాజెక్టుకూ థర్మోకోలుకూ ఏ చుట్టరికమూ లేదు. జవాబు ముందుగా తెలియని ప్రశ్ననొకదాన్ని పట్టుకొని, మన చేతులతో, మన బుద్ధితో జవాబు దాకా నడవడమే ప్రాజెక్టు. లెక్కల పుస్తకంలో జవాబులు చివరి పేజీల్లో ఉంటాయి. మీ బడి కుళాయి రోజుకు ఎంత నీరు కారుస్తుందో ఏ పుస్తకం చివరా ఉండదు. దాన్ని మీరే కనుక్కోవాలి.

ఈ ఆలోచన ఎక్కడిది?

పని చేస్తూ నేర్చుకోవాలన్న మాట పాతదే. అమెరికాలో విలియం కిల్‌పాట్రిక్ అనే ఆచార్యుడు 1918లో ‘ప్రాజెక్టు పద్ధతి’ గురించి వ్యాసం రాశాడు. మన దేశంలో 1937లో వార్ధాలో జరిగిన విద్యా సదస్సులో గాంధీజీ, చేతిపని ద్వారా చదువు నేర్పాలని ప్రతిపాదించారు. అదే ‘నయీ తాలీమ్’.

1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో (ఇప్పటి పేరు నర్మదాపురం) 16 గ్రామీణ పాఠశాలల్లో ఒక ప్రయత్నం మొదలైంది. 6, 7, 8 తరగతుల పిల్లలు సైన్సును బట్టీ పట్టకుండా ప్రయోగాలు చేసి నేర్చుకోవాలన్నది దాని ఉద్దేశం. ఖరీదైన పరికరాలు లేవు. సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలు కలిపి త్రిభుజాలు, ఘనాలు కట్టారు. పరీక్షకు పుస్తకం తెచ్చుకోవచ్చు! పుస్తకంలో చూసి రాసేసే ప్రశ్నలు ఇవ్వరు కాబట్టి భయం లేదు. ‘సవాలీరామ్’ అనే కల్పిత పాత్రకు పిల్లలు తమ సందేహాలను ఉత్తరాలుగా రాసేవారు. 1978లో ఈ కార్యక్రమం జిల్లా అంతటికీ విస్తరించింది. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపివేసింది. కానీ పల్లెటూరి బడిలో కూడా పిల్లలు శాస్త్రవేత్తల్లా పనిచేయగలరని ఆ ముప్పై ఏళ్ళు రుజువు చేశాయి.

నాలుగు మెట్లు

సమస్యను ఎలా సాధించాలి? హంగరీలో పుట్టిన గణిత శాస్త్రజ్ఞుడు జార్జ్ పోల్యా 1945లో ఈ విషయం మీదే ఒక పుస్తకం రాశాడు. ఆయన చెప్పిన మెట్లు నాలుగు: సమస్యను అర్థం చేసుకోవడం, పథకం వేయడం, అమలు చేయడం, వెనుదిరిగి చూడడం. ఈ మెట్ల మీదుగా కారే కుళాయి దగ్గరకు వెళ్దాం.

మొదటి మెట్టు: ‘నీళ్ళు వృథా అవుతున్నాయి’ అనేది ఫిర్యాదు. ‘ఈ కుళాయి నుంచి రోజుకు ఎన్ని లీటర్లు కారుతున్నాయి?’ అనేది ప్రశ్న. కొలవడానికి వీలుగా అడిగితేనే పని మొదలవుతుంది. కొలిచే ముందు జట్టులో ప్రతి ఒక్కరూ తమ అంచనాను నోటుపుస్తకంలో రాయండి. చివర్లో పోల్చి చూసుకుంటే సరదాగా ఉంటుంది.

రెండవ మెట్టు: కొలజాడీ లేదా? బెంగ పడకండి. దగ్గు మందు సీసా మూత మీద 10 మి.లీ. గీత ఉంటుంది. దానితో 20 సార్లు నీళ్ళు పోసి, గ్లాసు మీద 200 మి.లీ. గుర్తు పెట్టండి. గడియారం ఒకరు చూడాలి, చుక్కలు ఒకరు లెక్కపెట్టాలి, మరొకరు రాయాలి.

మూడవ మెట్టు: ఉదయం 200 మి.లీ. నిండడానికి 25 నిమిషాలు పట్టిందనుకుందాం. అంటే నిమిషానికి 8 మి.లీ. గంటకు 480 మి.లీ. రోజుకు 11.52 లీటర్లు. నిమిషానికి 60 చుక్కలు పడితే ఒక్కో చుక్క సుమారు 0.13 మి.లీ. అన్నమాట. అంత చిన్న చుక్క!

లెక్క తేలిపోయిందని పుస్తకం మూసేస్తున్నారా? ఆగండి. అసలు చదువు ఇక్కడే ఉంది.

నాలుగవ మెట్టు: వెనుదిరిగి చూడండి. కుళాయి రోజంతా ఒకే తీరున కారుతుందా? మధ్యాహ్నం మళ్ళీ కొలిస్తే నిమిషానికి 6 మి.లీ., సాయంత్రం 4 మి.లీ. వచ్చిందనుకోండి. ఎందుకలా? ఉదయం మేడ మీది ట్యాంకు నిండుగా ఉంది. నీటిమట్టం ఎంత ఎత్తుగా ఉంటే కుళాయి దగ్గర పీడనం అంత ఎక్కువ. పిల్లలు వాడేకొద్దీ మట్టం తగ్గింది, పీడనమూ తగ్గింది. పీడనం పాఠం పుస్తకంలోంచి లేచి కుళాయి దగ్గరకు వచ్చింది చూశారా!

మరి రాత్రి సంగతి? బడికి తాళం. ఎవరు కొలుస్తారు? కాసేపు ఆలోచించండి. సాయంత్రం 5 గంటలకు కుళాయి కింద బకెట్టు పెట్టి వెళ్ళి, ఉదయం 9 గంటలకు వచ్చి కొలిస్తే సరి. బకెట్టులో 6.4 లీటర్లు ఉన్నాయనుకుందాం. పగటి 8 గంటల్లో సగటున నిమిషానికి 6 మి.లీ. చొప్పున 2.88 లీటర్లు. మొత్తం 9.28 లీటర్లు. తొలి లెక్క కంటే రెండు లీటర్లకు పైగా తగ్గింది. ఒక్క కొలతను నమ్ముకుంటే ఎంత తేడా వస్తుందో గమనించారా?

కారణం వెతకండి

ఇప్పుడు రెండో ప్రశ్న: ఎందుకు కారుతోంది? ఎవరో గట్టిగా కట్టలేదా? లోపలి రబ్బరు వాషరు అరిగిందా? ఇసుక రేణువు ఇరుక్కుందా? మర అరిగిందా? అన్నీ ఒకేసారి బాగుచేస్తే కుళాయి బాగుపడుతుంది, కారణం మాత్రం తెలియదు. ఒక్కొక్కటే మార్చి, మార్చిన ప్రతిసారీ కొలవండి. మొదట గట్టిగా కట్టి చూడండి. ఆగకపోతే మాస్టారి సమక్షంలో, పైపు వాల్వు కట్టేశాక, ప్లంబరు చేత విప్పించి లోపల చూడండి. డాక్టరు జ్వరానికి కారణం వెతికేదీ, మెకానిక్ ఇంజను బాగుచేసేదీ ఈ తీరుగానే.

లెక్కకు ఉన్న బలం

‘కుళాయి కారుతోంది సార్’ అంటే ప్రధానోపాధ్యాయులు ‘చూద్దాం’ అనవచ్చు. ‘ఇలాగే కారితే 30 రోజులకు 278 లీటర్లు పోతాయి సార్. 15 లీటర్ల బిందెలతో 18 బిందెలకు పైమాటే’ అని నోటుపుస్తకం చూపిస్తే ఆ మాట బరువే వేరు. వేసవిలో నీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్ళో ఆ బిందెల విలువ ఎవరూ వివరించనక్కరలేదు. చిన్న రబ్బరు వాషరు వాటిని కాపాడగలదు.

తరగతిలో ఏళ్ళ తరబడి నేను గమనించింది ఒకటుంది. చెప్పిన జవాబు పరీక్ష దాకా గుర్తుంటుంది; కనుక్కున్న జవాబు బతికినంత కాలం గుర్తుంటుంది. కాబట్టి ప్రాజెక్టు మధ్యలో మీ మాస్టారు జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేస్తే విసుక్కోకండి. కొలత తేడా వస్తే కొట్టివేయకండి. ఎందుకు తేడా వచ్చిందో పక్కనే రాయండి. 1993లో మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ కూడా తమ ఊరి సమస్యను తామే పరిశీలించమని పిల్లలను పిలిచింది.

చేసి చూడండి

1. మధ్యాహ్న భోజనంలో రోజూ ఎంత అన్నం పారవేస్తున్నారు? ఏ కూర వండిన రోజున ఎక్కువ?
2. కొత్త కుండలోనూ పాత కుండలోనూ నీరు ఒకేలా చల్లబడుతుందా?
3. మీ తరగతి గదిలో ఏ బల్ల మీద వెలుతురు తక్కువ? కిటికీ రెక్క, గోడ రంగు, బయటి చెట్టు – వీటిలో కారణం ఏది?

ఒక్కటి ఎంచుకోండి. అంచనా రాయండి. కొలవండి. తర్వాత వెనుదిరిగి చూడడం మరవకండి.